మాటలు వచ్చాయి, రాత రాలేదు

ప్రశ్న: నేను హైస్కూల్లో ఎనిమిదో తరగతికి తెలుగు చెబుతాను. పిల్లల దగ్గర మాటలు తక్కువగా ఉన్నాయని ఈ ఏడాది మొదటి నుంచీ వారానికి పది కొత్త పదాలు ఇచ్చి అర్థాలు, సొంతవాక్యాలు రాయిస్తున్నాను. శుక్రవారం పరీక్ష పెడితే సగం మందికి పదికి పది వస్తున్నాయి. వ్యాసం రాయమంటే మాత్రం ఆ పదాలు ఎక్కడా కనపడవు. కనపడినా అతకని చోట కనపడతాయి. మొన్న ‘మా నాన్న’ గురించి రాయమంటే, క్లాసులో ఫస్టు వచ్చే అమ్మాయి ‘మా నాన్నగారు నిష్ణాతమైన ఔదార్యముతో మా గృహమునందు విరాజిల్లుచున్నారు’ అని రాసింది. ఆ మూడూ నేను చెప్పిన పదాలే. తప్పని ఏ మొహంతో చెప్పను? మంచి రచనకు ఉండాల్సిన లక్షణాలు, స్పష్టత, క్లుప్తత, క్రమం, శైలి అంటూ చార్టు మీద రాసి గోడకు తగిలించాను. ఏమీ మారలేదు. 42 నోటుపుస్తకాలు ఎర్రసిరాతో దిద్దుతున్నాను. పిల్లలు మార్కు చూసుకుని మూసేస్తున్నారు. ఇంకో అబ్బాయి మూడు వాక్యాలకు మించి రాయడు. అదే వ్యాసానికి ‘మా నాన్న సైకిలు తుడుస్తాడు. రోజూ తుడుస్తాడు. ఎక్కడికీ వెళ్ళడు’ అని రాసి ఇచ్చేశాడు. ఇరవైకి ఎన్ని వేయాలో తెలియక ఆ కాగితం పక్కన పెట్టాను. నేను ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?
ఒక తెలుగు టీచరు

జవాబు:

అమ్మా, ముందు ఆ సైకిలు కాగితం భద్రంగా దాచండి. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఆ అమ్మాయి వాక్యం దగ్గర మొదలుపెడదాం. ఆ పిల్ల మీరు చెప్పినదంతా చెప్పినట్టే చేసింది. నిష్ణాతుడంటే ఆరితేరినవాడు అన్నారు. ఔదార్యమంటే దానగుణం అన్నారు. విరాజిల్లడమంటే ప్రకాశించడం అన్నారు. ఆరితేరిన దానగుణంతో నాన్న ఇంట్లో ప్రకాశిస్తున్నాడు. అర్థాలు చూసుకుంటే లెక్క సరిపోయింది, తెలుగు మాత్రం కాలేదు. మాటకు అర్థంతో పాటు ఇరుగుపొరుగు కూడా ఉంటుంది, అది మనం చెప్పలేదు. దట్టమైన అడవి అంటాం, గాఢమైన నిద్ర అంటాం, చిక్కని పాలు అంటాం, ఒత్తయిన జుట్టు అంటాం. అన్నిట్లోనూ ఉన్నది ఇంచుమించు ఒకే గుణం. అయినా ఎవరైనా ‘ఒత్తయిన నిద్ర’ అన్నా, ‘గాఢమైన జుట్టు’ అన్నా మనకు నవ్వొస్తుంది. అర్థాల పట్టిక ఎంత బట్టీ పట్టినా ఈ నవ్వు రాదు. ఆ నవ్వు వచ్చిన రోజే పిల్లవాడికి ఆ మాట వచ్చినట్టు.

కాబట్టి కొత్త మాట చెప్పేటప్పుడు అర్థంతో మొదలుపెట్టకండి. ‘అనివార్యం’ చెప్పాలనుకోండి. ‘నది గట్టు తెగాక ఊరు ఖాళీ చేయడం అనివార్యమైంది’, ‘ఇద్దరూ మాట మీద నిలబడ్డారు, గొడవ అనివార్యమైంది’ అని రెండు మూడు వాక్యాలు బోర్డు మీద రాయండి. ఆ మాటకు అర్థం ఏమై ఉంటుందో పిల్లల్నే అడగండి. దగ్గరగా వచ్చాక మీరు సరిచేయండి. తర్వాత అసలు పని మొదలవుతుంది. ‘అమ్మ నాకు కొత్త పెన్ను కొనడం అనివార్యం’ అని రాసి, ఇది కుదురుతుందా అని అడగండి. సగం మంది కుదురుతుందంటారు, సగం మంది కాదంటారు. ఎందుకు కాదో చెప్పమనండి. తప్పించుకోవాలని చూసినా తప్పనిదై ఉండాలి, కోరుకున్నదై ఉండకూడదు అని ఎవరో ఒకరు కనిపెడతారు. ఆ మాట వాళ్ళ నోటి నుంచి రావాలి. ఆ పది నిమిషాల తగువులో నేర్చుకున్నది ఇంపోజిషన్ రాయించినా రాదు.

సొంతవాక్యం విషయంలో మనమంతా మోసపోతాం. ‘రాము నిష్ణాతుడు’ అని రాస్తే టిక్కు పెడతాం. నిష్ణాతుడు కొట్టేసి అక్కడ ‘పొట్టివాడు’ అని పెట్టి చూడండి, వాక్యం అలాగే నిలబడుతుంది. అంటే ఆ వాక్యానికి ఆ మాటతో పనే లేదు. ఇకమీదట ప్రతి సొంతవాక్యంలో ‘ఎందుకంటే’, ‘అయినా’, ‘లేకపోతే’ లాంటిది ఒకటి ఉండాలని నియమం పెట్టండి. ‘మా బాబాయి గడియారాలు బాగుచేయడంలో నిష్ణాతుడు, అయినా మా ఇంట్లో గడియారం ఏడాదిగా ఆగిపోయి ఉంది’ అని ఒక పిల్ల రాసిందంటే, ఆ మాట ఆమెకు సొంతమైపోయినట్టే. పైగా మీకు ఒక కథ మొదలు దొరికింది.

వారానికి పది ఎక్కువ. అయిదు చాలు. పది చొప్పున ముప్పై వారాలు చెప్పినా ఏడాదికి మూడు వందలే అవుతాయి. బడి పుస్తకాల్లో ఎదురయ్యే మాటలు అంతకు ఎన్నో రెట్లు. ఇంగ్లిషు బడి పుస్తకాల మీద 1984లో నాగీ, ఆండర్సన్ అనే ఇద్దరు లెక్క వేస్తే ఒకే కుదురు నుంచి వచ్చిన మాటలన్నిటినీ ఒకటిగా ఎంచినా దాదాపు 88,500 కుటుంబాలు తేలాయి. ఏ టీచరూ కూర్చోబెట్టి ఇన్ని చెప్పలేదు. మిగతావి చదువుకుంటూ, వింటూ పట్టుకోవాల్సిందే. అలా పట్టుకునే నేర్పు ఇవ్వడానికే మనం ఆ అయిదూ చెప్పేది.

ఏ అయిదు? ఇసబెల్ బెక్ అనే విద్యావేత్త, ఆమె సహచరులు మాటలను మూడు అంతస్తులుగా చూశారు. అడుగున ఉన్నవి పిల్లలకు ఇంట్లోనే వచ్చేస్తాయి. పైన ఉన్నవి, కిరణజన్య సంయోగక్రియ లాంటివి, ఆయా సబ్జెక్టుల్లో వస్తాయి. మన పనంతా మధ్య అంతస్తులో ఉంటుంది. అనుభవం పిల్లవాడికి ముందే ఉండి, దానికి పేరు మాత్రం లేని మాటలవి. అడగాలని ఉన్నా నోరు రాకపోవడం వాడికి తెలుసు, ‘సంకోచం’ ఇవ్వండి. కళ్ళ ముందు కనపడుతున్నా పట్టించుకోకపోవడం తెలుసు, ‘ఉపేక్ష’ ఇవ్వండి. చేసిన పని ఎక్కడికి దారి తీస్తుందో తెలుసు, ‘పర్యవసానం’ ఇవ్వండి. ‘విరాజిల్లు’తో ఎనిమిదో తరగతి పిల్లకు ఏం పని చెప్పండి? దాన్ని చదివితే అర్థమైతే చాలు, రాయక్కర్లేదు. చదివితే తెలియాల్సిన మాటలు వేరు, చేతికి రావాల్సిన మాటలు వేరు. రెండిటినీ ఒకే పట్టికలో వేయడం వల్లనే ఈ గొడవంతా.

ఇంకో సంగతి. ‘అపేక్ష’, ‘ఉపేక్ష’ ఒకే రోజు చెప్పకండి. దగ్గరి పోలికున్నవి, పర్యాయపదాలు, వ్యతిరేకపదాలు జంటగా ఇస్తే తేడా బాగా తెలుస్తుందని మనకు అనిపిస్తుంది. పాఠ్యపుస్తకాల్లో అభ్యాసాలూ అలాగే ఉంటాయి. కానీ అర్థంలో దగ్గరగా ఉన్న కొత్త మాటల్ని గుంపుగా ఇస్తే నేర్చుకోవడం కష్టమవుతుందని టింకమ్ అనే పరిశోధకుడు 1993లో చూపించాడు. అది మనకు అనుభవమే. రెండూ గుర్తుంటాయి, ఏది ఏదో గుర్తుండదు. ఒకటి బాగా నానాక, రెండు మూడు వారాల తర్వాత రెండోది చెప్పండి.

శుక్రవారం పరీక్ష మానకండి, అది మంచిదే. ఆ వారం మాటలే అడగడంలోనే తిరకాసు ఉంది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు ఒక పాఠం ఇచ్చి కొందరితో మళ్ళీ చదివించారు, కొందరితో చూడకుండా గుర్తుచేసుకుని రాయించారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు, వాళ్ళకు 81 శాతం గుర్తుంది, రెండోవాళ్ళకు 75 శాతం. వారం తర్వాత అడిగితే తిరగబడింది. చదివినవాళ్ళకు 42 శాతం మిగిలింది, గుర్తుచేసుకున్నవాళ్ళకు 56. మీ పదికి పదులు ఆ అయిదు నిమిషాల మార్కుల్లాంటివి. అందుకని ఈ వారం మాటలు రెండే అడగండి, నెల కిందటివి నాలుగు, దసరాకి ముందువో సంక్రాంతికి ముందువో అని చూడకుండా పాత పట్టికలోంచి మరో నాలుగు. మొదటి రెండు వారాలు మార్కులు దారుణంగా పడిపోతాయి. కంగారు పడకండి, తల్లిదండ్రులకు ముందే చెప్పి ఉంచండి.

మాటలు అనగానే మన చెయ్యి సంస్కృతం వైపే ఎందుకు పోతుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఉపసర్గల వరస చెప్పడం బాగుంటుంది, కాదనను. హారం ముందు ఒక్కో ఉపసర్గ చేర్చి ఆహారం, విహారం, సంహారం, పరిహారం, ఉపహారం అని అల్లుకుంటూ పోతే పిల్లలకు అదొక ఆట. కానీ వాళ్ళ వ్యాసాల్లో కరువు అక్కడ లేదు, క్రియల్లో ఉంది. ‘చూశాడు’ తప్ప ఇంకేమీ ఉండదు. తొంగి చూశాడా, ఓరగా చూశాడా, ఎగాదిగా చూశాడా, తేరిపార చూశాడా, గుడ్లురిమి చూశాడా, కలయజూశాడా? ఒక్కో చూపుకు ఒక్కో మనిషి, ఒక్కో సందర్భం. కొత్త ఉద్యోగిని ఎగాదిగా చూస్తారు, పసిపిల్లను అలా చూడరు. ఒక పీరియడంతా నడకకు ఇవ్వండి, ఒకటి మాట్లాడటానికి ఇవ్వండి. గొణగడం, సణగడం, నసగడం మూడింటికీ తేడా నటించి చూపించమనండి. ఇవి వాళ్ళ అమ్మమ్మల నోట రోజూ వింటున్నవే కాబట్టి అర్థం చెప్పే పనే లేదు. ఇవి రాతలోకి పనికొస్తాయని మీరు ఒప్పుకుంటే చాలు. ఇవన్నీ ఒకేసారి చెప్పొచ్చా, దగ్గరి మాటలు వద్దన్నారు కదా అంటారేమో. వాళ్ళకు చెవిలో ఉన్నవాటిని పోల్చడం వేరు, అసలు తెలియనివాటిని పోల్చడం వేరు.

ఇక మీ చార్టు. దానిమీద ఉన్నవన్నీ నిజాలే. మనవాళ్ళకు ఈ గుణాల లెక్క కొత్త కాదు. సంస్కృత ఆలంకారికుల్లో దండి కావ్యానికి పది గుణాలు చెప్పాడు, తర్వాత మమ్మటుడు వాటిని మాధుర్యం, ఓజస్సు, ప్రసాదం అని మూడుకు కుదించాడు. 1980ల్లో అమెరికా టీచర్లు కొందరు పిల్లల రాతలు ముందు పెట్టుకుని ఆరు తేల్చారు. విషయం, అమరిక, రాసినవాడి గొంతు, మాటల ఎంపిక, వాక్యాల నడక, రాత నియమాలు. ఇవన్నీ చదివేవాడు తూచుకోవడానికి పనికొచ్చే తూకపురాళ్ళు. రాసేవాడికి పనిముట్లు కావు. ‘స్పష్టంగా రాయి’ అంటే, స్పష్టంగానే ఉందనుకుంటున్న పిల్లవాడు ఏం చేయాలి? నన్నడిగితే చార్టు తీసేయండి. ఏడాది మొత్తానికి రెండే పట్టుకోండి. ఒకటి, కళ్ళకు కట్టే వివరం. రెండోది, మమ్మటుడి ప్రసాదగుణం. ఎండుకట్టెకు నిప్పంటుకున్నట్టు అర్థం చటుక్కున మనసంతా పాకాలని ఆయన అన్నాడు. పిల్లలకు ఆ పోలిక చెప్పండి, పేరు చెప్పకపోయినా నష్టం లేదు.

వివరం ఎలా నేర్పాలి? ‘వర్షం అందరికీ ఆనందాన్ని కలిగిస్తుంది’ అని పిల్లలు రాస్తారు. దాన్ని బోర్డు మీద రాసి, మొన్న వాన పడ్డప్పుడు మన క్లాసులో ఏం జరిగిందో చెప్పమనండి. వెనక బెంచీవాళ్ళు కిటికీ దగ్గరికి చేరారు, మీరు పాఠం ఆపలేదు గానీ గొంతు పెంచారు, ఎవరిదో గొడుగు బయట వరండాలో దొర్లుకుంటూ పోయింది. ఈ మూడూ రాసి పక్కన పెట్టండి. ఆనందం అన్న మాట లేకుండా ఆనందం ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ళనే చెప్పమనండి.

ఈ రాయడం మీరు బోర్డు మీద, వాళ్ళ ముందే చేయాలి. ఇంట్లో తయారుచేసుకుని తేవద్దు. అక్కడికక్కడ తడుముకుంటూ, కొట్టేస్తూ, ‘ఈ మాట అతకలేదు’ అని పైకే గొణుక్కుంటూ రాయండి. రాసేవాళ్ళు ముందు ఆలోచన, తర్వాత రాత, చివర దిద్దుబాటు అని సరళరేఖలో పోరనీ, మూడింటి మధ్యా ముందుకూ వెనక్కూ తిరుగుతూనే ఉంటారనీ ఫ్లవర్, హేస్ అనే పరిశోధకులు 1981లోనే చెప్పారు. మన పిల్లలు చూసేదేమో అచ్చయిన పాఠం. అది మొదటిసారే అలా వచ్చిందనుకుంటారు. టీచరు కూడా మూడుసార్లు కొట్టేస్తుందని కళ్ళారా చూసిన రోజు వాళ్ళ పెన్నుకు పట్టిన బెరుకు సగం వదులుతుంది.

వాక్యాల నడకకు ఒక చిన్న కసరత్తు చాలు. ‘తలుపు తీశాడు. లోపలికి వచ్చాడు. లైటు వేయలేదు. కుర్చీలో కూర్చున్నాడు.’ ఈ నాలుగూ కలిపి ఒకటి చేయమనండి, తర్వాత రెండు చేయమనండి. ‘తలుపు తీసి లోపలికి వచ్చి, లైటు వేయకుండానే కుర్చీలో కూర్చున్నాడు’ అని ఒకరు, ‘తలుపు తీసి లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. లైటు వేయలేదు’ అని ఒకరు. రెండోదాంట్లో ఏదో భయం ఉందని పిల్లలే పట్టేస్తారు. తెలుగులో బరువంతా వాక్యం చివర పడుతుంది కదా. 2007లో గ్రాహం, పెరిన్ అనే పరిశోధకులు అప్పటిదాకా జరిగిన పరిశోధనల్ని కలిపి చూసినప్పుడు, నాలుగో తరగతి నుంచి పన్నెండు దాకా పిల్లల రాతకు ఈ వాక్యాలు కలపడం మేలు చేస్తోందని తేలింది. వ్యాకరణాన్ని విడిగా పాఠంగా చెబితే రాత మెరుగవుతున్నట్టు కనపడలేదు. వ్యాకరణం వద్దనడం లేదు. ‘తీసి’, ‘వచ్చి’ లాంటివాటికి క్త్వార్థకం అన్న పేరు ఎప్పుడైనా చెప్పుకోవచ్చు, వాడకం ముందు రావాలి. ఇక ‘మరియు’, ‘యొక్క’, ‘చేయబడెను’ ఈ మూడింటినీ ఒక నెల పాటు క్లాసులోకి రానివ్వకండి. వాటి స్థానంలో ఏం రాస్తారో చూస్తే వాళ్ళకు తెలుగు ఎంత వచ్చో మీకే తెలుస్తుంది.

నోటుపుస్తకాల గురించి. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో అచ్చు మీ కష్టాన్నే పరీక్షించింది. కొందరికి వ్యాఖ్య మాత్రమే ఇచ్చింది, కొందరికి మార్కు మాత్రమే, కొందరికి రెండూ. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్ళు మెరుగయ్యారు. రెండూ అందుకున్నవాళ్ళ మీద వ్యాఖ్య పనిచేయలేదు. మార్కు పక్కన ఉంటే కన్ను దానిమీదే పడుతుంది మరి. కాబట్టి మొదటి ప్రతికి మార్కు వేయకండి. 42 పుస్తకాల్లో ప్రతి తప్పూ దిద్దకండి కూడా. ఈసారి వివరం మాత్రమే చూస్తానని ముందే చెప్పండి. బాగున్న ఒక వాక్యం కింద గీత గీయండి, తెలుసుకోవాలనిపించిన ఒక ప్రశ్న పక్కన రాయండి. ఒత్తులు, దీర్ఘాలు రెండో ప్రతిలో చూద్దురుగాని. రాత్రి తొమ్మిదింటికి పడుకోగలిగిన టీచరు మర్నాడు మంచి పాఠం చెబుతుంది, అదీ లెక్కే.

ఆ అమ్మాయికి ఏం చెప్పాలో అడిగారు. నా తప్పొకటి చెప్పనివ్వండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో అచ్చం అలాంటి వ్యాసమే ఒకటి వస్తే, గంభీరంగా ఉందని క్లాసులో పైకి చదివి మెచ్చుకున్నాను. తర్వాతి వారం క్లాసు మొత్తం ‘చున్నారు’లూ ‘యుండెను’లూ రాసి తెచ్చింది. అంతవరకు బాగా రాస్తున్న ఒక పిల్ల కూడా. దాన్ని వెనక్కి తిప్పడానికి నాకు ఏడాది పట్టింది. మీరు ఆ అమ్మాయిని తప్పని అనకండి. ‘మీ నాన్న ఎవరికైనా సాయం చేయడం నువ్వు చూశావా? ఎప్పుడు?’ అని అడగండి. ఏదో చెబుతుంది. చెప్పింది చెప్పినట్టు రాయమనండి. అంతా రాశాక, ఇందులో ఔదార్యం అన్న మాట ఎక్కడైనా కావాలా అని అడగండి. అవసరమైతే అది తనంతట తనే వచ్చి కూర్చుంటుంది. అక్కర్లేదంటే ఇంకా మంచిది. ఆ మాటలు నేనే తొందరపడి ఇచ్చానని ఒప్పుకోండి, టీచరు ఒప్పుకుంటే పిల్లలకు భలే ధైర్యం.

ఇప్పుడు సైకిలు. ఆ మూడు వాక్యాల్లో ఒక్క విశేషణం లేదు. ‘తుడుస్తాడు’ రెండోసారి వచ్చేసరికి మొదటిసారికంటే బరువెక్కింది. మూడో వాక్యం చదివాక మొదటి వాక్యం మారిపోయింది. మీ చార్టులో ఉన్నవన్నీ ఉన్నాయి. లేనిది నిడివి ఒక్కటే, పరీక్షలో దానికి మార్కులు పోతాయి కాబట్టి అది నేర్పక తప్పదు. అయితే ‘ఇంకా రాయి’ అనకండి. అంటే ఆ కుర్రాడు ‘నాన్న మనకు దైవంతో సమానం’ అని అయిదు వాక్యాలు అతికించి తెస్తాడు. పక్కన చిన్న ప్రశ్నలు రాయండి. ఏ గుడ్డతో తుడుస్తాడు? ఆ సమయానికి నువ్వు ఎక్కడ ఉంటావు? సైకిలు ఆఖరుసారి బయటికి ఎప్పుడు వెళ్ళింది? నోటితో చెబుతానంటే చెప్పనిచ్చి, మీరే రాసి చేతిలో పెట్టండి. తన మాటలు అంత పొడుగున్నాయని చూసుకోవడం కొందరికి అవసరం.

ఒక్క జాగ్రత్త. ఆ ఇంట్లో ఏం జరిగిందో మనకు తెలియదు. ప్రశ్నలు అందరి ముందూ అడగకండి, బాగుందని వాడినడక్కుండా క్లాసులో చదవకండి. జవాబు రాకపోతే వదిలేయండి, వాడికి సంకోచం ఉండొచ్చు, ఇంకో వ్యాసం ఉంటుంది. మార్కు ఇప్పుడే వేయొద్దు, రెండో ప్రతి వచ్చాక చూద్దాం. వచ్చిందంటే, వాడు సరేనంటేనే, నాకూ ఒక కాపీ పంపండి. ఆ సైకిలు ఎందుకు ఆగిపోయిందో నాకూ తెలుసుకోవాలని ఉంది.